పంపకాల్లో పాలేరు
(విభజన లెక్కలు – 3వ భాగం)



విభజన మీద రాస్తున్న వరసలో ఇది మూడోది. మొదటి భాగంలో 1955 నాటి ఫజల్ అలీ కమిషన్ గురించి, రెండో భాగంలో శ్రీకృష్ణ కమిటీ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014 లోపలికే వెళ్దాం.

"పదేళ్లు దాటిన పంచాయితీ ఇప్పుడెందుకు అన్నా?" అని కొందరు తమ్ముళ్లు అడిగారు. ఎందుకంటే గీతలు గీసే పని ఇంకా అయిపోలేదు. 2027 జనగణన వస్తోంది. దాని వెనకాలే నియోజకవర్గాల పునర్విభజన వస్తుంది. రాయలసీమ గురించి, ఉత్తరాంధ్ర గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు. తెలంగాణ పది జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రాలో పదమూడు జిల్లాలు 2022లో 26 అయ్యాయి. గీత గీయాలనుకున్న ప్రతిసారీ అధికారులు పాత ఫైలే తీస్తారు. ఆ పాత ఫైల్లో మనం ఎక్కడున్నామో తెలుసుకోకపోతే రేపటి ఫైల్లోనూ అక్కడే ఉంటాం.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్తాను. నేను విభజనకు వ్యతిరేకిని కాను. తెలంగాణ రావడం న్యాయమే. సమైక్య రాష్ట్రం మనల్ని కాపాడిందేమీ లేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగింది సమైక్య రాష్ట్రంలోనే. నా ప్రశ్న ఒక్కటే. విభజన ప్రణాళిక వేసినవాళ్లు దేన్ని లెక్కపెట్టారు, దేన్ని లెక్కపెట్టలేదు?

*

చట్టంలో 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లు ఉన్నాయి. ఓపికగా చదివితే ఒక ఉమ్మడి కుటుంబం ఆస్తుల జాబితా చదువుతున్నట్టే ఉంటుంది. రాజ్యసభ సభ్యులెవరు ఏ రాష్ట్రానికి పోవాలో ఒక షెడ్యూలు. నిధులకు ఒకటి, పెన్షన్లకు ఒకటి. కంపెనీలు, కార్పొరేషన్లకు తొమ్మిదో షెడ్యూలు. శిక్షణ సంస్థలు, అకాడమీలు, విశ్వవిద్యాలయాలకు పదో షెడ్యూలు. నదీ బోర్డులకు పదకొండు. బొగ్గు, గ్యాసు, కరెంటుకు పన్నెండు.

నిష్పత్తులు కూడా చాలా పక్కాగా ఉన్నాయి. ఆస్తులు, అప్పులు జనాభాను బట్టి 58.32, 41.68. కరెంటు వాడకాన్ని బట్టి తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రాకు 46.11 శాతం. 2015లో తాత్కాలికంగా కృష్ణా నీళ్లు 811 టీఎంసీలను 512గా, 299గా పంచుకున్నారు. దశాంశాల దాకా వచ్చారు. శాసనసభ సీట్లు 175ను 225కు, 119ని 153కు పెంచుకోవచ్చని కూడా రాసుకున్నారు. అంటే ఎమ్మెల్యే కావాలనుకునేవాళ్ల భవిష్యత్తు గురించి కూడా ఆలోచించారు.

మరి మనం ఎక్కడున్నాం? రెండు చోట్ల. ఐదో షెడ్యూల్లో కులాల జాబితాగా ఉన్నాం. సీట్ల లెక్కలో అంకెగా ఉన్నాం. ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీలకు 48 శాసనసభ స్థానాలుండేవి, వాటిలో 29 ఇటు, 19 అటు. ఆదివాసులకు 19 ఉండేవి, వాటిలో 7 ఇటు, 12 అటు. అంతే.

శ్రీకృష్ణ కమిటీ నివేదికలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల స్థితిగతుల మీద చర్చ ఉందని కిందటిసారి చెప్పుకున్నాం. నివేదికలో మనుషులుగా ఉన్న మనం చట్టానికి వచ్చేసరికి జాబితా అయ్యాం. ఈ బిల్లు తయారుచేసిన మంత్రుల బృందానికి నాయకత్వం వహించింది అప్పటి హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే. ఆయనా దళితుడే. కుర్చీలో మనవాడున్నంత మాత్రాన కాగితంలో మన మాట ఉంటుందనుకోవడం ఎంత అమాయకత్వమో ఇది చెబుతుంది.

*

ఆ రోజుల్లో అందరూ వాడిన పోలిక ఒకటుంది: అన్నదమ్ముల పంపకం. "అన్నదమ్ముల్లా విడిపోదాం" అన్నారు. "అన్నదమ్ముల మధ్య గోడ కట్టొద్దు" అన్నారు. అటువాళ్లూ అదే అన్నారు, ఇటువాళ్లూ అదే అన్నారు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఆ పోలిక దగ్గర ఆగుతాను. అన్నదమ్ములు సరే, మరి ఆ ఇంట్లో పనిచేసినవాళ్ల సంగతేంటి?

మా తాత ఒక పెద్ద రైతు దగ్గర పాలేరు. మా వైపు పాలేరంటారు, తెలంగాణ లోపలికి పోతే జీతగాడంటారు. ఆ ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఊరి పెద్దలు కూర్చుని వాటాలు వేశారట. మాగాణి, మెట్ట, బావి, గడ్డివాము, ఎద్దుల జత, బండి. పెద్దాయనకు బండి వస్తే చిన్నాయనకు మా తాత వచ్చాడు. ఎవరి దగ్గర ఉంటావని ఆయన్ని ఎవరూ అడగలేదు. రావాల్సిన పాత జీతం ఎవరివ్వాలో తేల్చలేదు. కొన్నాళ్లకు ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. మా నాయన ఈ సంగతి చెప్పేటప్పుడు కోపంగా చెప్పేవాడు కాదు, నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వే నాకు ఎక్కువ గుర్తుంది.

2014 చట్టం చదువుతున్నప్పుడు నాకు ఆ వాటాల కాగితమే కనబడింది. పాలేరు వాటాలో ఉన్నాడు, వాటాదారుగా లేడు.

ఇది ఊరికే పోలిక కోసం చెబుతున్న మాట కాదు. నాలుగు చోట్ల చూపిస్తాను.

*

మొదటిది కుల ధ్రువీకరణ పత్రం.

రెడ్డి గారో కమ్మ గారో మధిర నుంచి నందిగామకు మారితే మారేది అడ్రసు. మనం మారితే కులమే మారిపోతుంది. నిజం, చట్టం ప్రకారమే. ఒక రాష్ట్రంలో ఎస్సీ అయినవాళ్లు వలసపోయిన రాష్ట్రంలో ఎస్సీగా రిజర్వేషన్ అడగలేరని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది, 2018లో రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ చెప్పింది. రాష్ట్రపతి ఉత్తర్వుల్లో కులాల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది కాబట్టి ఇలా చెప్పారు.

ఇప్పుడు ఆ సరిహద్దు ఊళ్లకు రండి. పాత ఖమ్మం, కృష్ణా జిల్లాల మధ్య మన పేటల్లో పెళ్లిళ్లు అటూ ఇటూ జరుగుతాయి. మేనరికాలు, ఎదురు మేనరికాలు. మా పిన్ని కూతురు పుట్టింది నందిగామ వైపు, కోడలుగా పోయింది మధిర వైపు. పెళ్లి 2016లో. రెండు ఇళ్లకూ మధ్య గట్టిగా గంట ప్రయాణం. తను బీఈడీ చదివింది. ఒక టీచర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకుంటే కౌంటర్లో ఉన్నాయన కాగితం తిప్పి చూసి, "అమ్మా, ఇది ఆంధ్రా సర్టిఫికెట్. ఇక్కడ మీరు ఓసీ కిందే లెక్క" అన్నాడు. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసింది: "అన్నయ్యా, నా కులం పోయిందంట. ఊళ్లోవాళ్లకి కూడా ఎవరన్నా చెప్తే బాగుండు."

ఊళ్లోవాళ్లకి ఎవరూ చెప్పరు. గుడి దగ్గర, బావి దగ్గర, ఇల్లు అద్దెకడిగిన దగ్గర ఆమె కులం ఆమెతోనే ఉంది. ఉద్యోగం దగ్గర మాత్రమే పోయింది.

ఇది ముందే ఊహించలేని సమస్యా? కాదు. 2000లో బీహార్ నుంచి జార్ఖండ్ విడిపోయినప్పుడే ఈ తగాదా మొదలైంది. విభజన నాటి ఉద్యోగి రెండు రాష్ట్రాల్లో ఏదో ఒకదాంట్లో రిజర్వేషన్ అడగవచ్చు, రెంటిలోనూ ఒకేసారి అడగకూడదని సుప్రీంకోర్టు తేల్చింది 2021 ఆగస్టులో. రాష్ట్రం ఏర్పడిన ఇరవై ఒక్క ఏళ్లకు! అది కూడా విభజన నాటికి ఉద్యోగంలో ఉన్నవాళ్ల సంగతే. 2014 తర్వాత సరిహద్దు దాటి కోడలిగా పోయిన ఆడపిల్లకు అది పనికిరాదు. జార్ఖండ్ అనుభవం మన చట్టం రాసేవాళ్ల కళ్ల ముందే ఉంది. ఒక్క సెక్షన్ రాసి ఉంటే సరిపోయేది. కాలేజీ సీట్లకు పదేళ్ల వెసులుబాటు రాశారు, రాజధానికి పదేళ్ల వెసులుబాటు రాశారు. దీనికి ఒక్క ఏడాదీ రాయలేదు.

ఇప్పుడు దీనికి ఇంకో మెలిక పడింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది. 2025లో రెండు రాష్ట్రాలూ వేరువేరుగా వర్గీకరణ చేసుకున్నాయి. తెలంగాణలో మాదిగలున్న గ్రూపుకు 9 శాతం, మాలలున్న గ్రూపుకు 5. ఆంధ్రాలో మాదిగలున్న గ్రూపుకు 6.5, మాలలున్న గ్రూపుకు 7.5. జనాభాలు వేరు కాబట్టి అంకెలు వేరు, అందులో తప్పు లేదు. వర్గీకరణ మీద మాల, మాదిగ ఇళ్లల్లో ఉన్న వాదనలు నాకు తెలుసు, వాటి గురించి వేరేగా రాస్తాను. ఇక్కడ గమనించాల్సింది ఇది. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైంది. 2004లో చిన్నయ్య కేసు తీర్పుతో వర్గీకరణ ఆగిపోయింది. 2014 నాటికి ఇది ఇరవై ఏళ్ల సమస్య. రాష్ట్రాన్ని రెండు చేస్తున్నప్పుడు మాల, మాదిగ, రెల్లి, ఉపకులాల జనాభా ఏ పక్క ఎంత పడుతుందో, దాని వల్ల ఎవరికి ఏమవుతుందో ఒక పేజీ రాయొచ్చు కదా? కృష్ణా నీళ్లకు బోర్డు పెట్టినవాళ్లకు ఇది తట్టలేదు.

*

రెండోది ఏడు మండలాలు. ఇక్కడ నష్టపోయింది మనకన్నా ఎక్కువగా ఆదివాసులు. కానీ ఇది మన లెక్కలోదే.

పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా నుంచి కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం, భద్రాచలం ఊరు తప్ప ఆ మండలం, బూర్గంపాడు మండలంలో కొన్ని గ్రామాలు ఆంధ్రాకు ఇచ్చారు. తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు, 2014 మే 29న ఆర్డినెన్సు వచ్చింది. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది.

కోయలు, కొండరెడ్లు ఉన్న ప్రాంతం ఇది. షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ గ్రామసభకు ఎంతో విలువుందని పీసా చట్టం 1996 నుంచీ చెబుతోంది. ఏ రాష్ట్రంలో ఉంటారని ఎవరైనా గ్రామసభ పెట్టి అడిగారా? లేదు. అంతకన్నా విడ్డూరం, ఏప్రిల్ 30న వీళ్లు ఎమ్మెల్యేకు ఓటేశారు. నెల తిరక్కుండానే ఊరు ఆంధ్రాకు పోయింది, ఎమ్మెల్యే తెలంగాణ సభలో ఉన్నాడు. 2019 దాకా వాళ్లున్న రాష్ట్ర శాసనసభలో వాళ్లు ఎన్నుకున్న మనిషి లేడు. అయిదేళ్లు! అది కూడా ఊళ్లు ఖాళీ చేయించే అయిదేళ్లు, పరిహారం జాబితాలు రాసే అయిదేళ్లు. సభలో లేచి అడగాల్సిన కాలంలో అడిగే నోరు లేకుండా చేశారు.

భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లది ఇంకా పెద్ద కథ. 1959 దాకా తూర్పు గోదావరి. తర్వాత ఖమ్మం. 2014లో మళ్లీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. మనిషి కదల్లేదు, గుడిసె కదల్లేదు, కలెక్టరాఫీసు మాత్రం 2022 నాటికే మూడుసార్లు మారింది. 2022 జులై గోదావరి వరదల తర్వాత ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు వాళ్లు తమను తెలంగాణలో కలపమని అడిగారు. భద్రాచలానికి ఆనుకుని ఉన్న ఊళ్లవి. ఇరవై నాలుగు గంటలూ వాళ్లకు అవసరమయ్యే ఆసుపత్రి, బజారు, బస్టాండు పక్కూళ్లో ఉంటే, అప్పుడు వాళ్ల జిల్లా కేంద్రం పాడేరు. మ్యాపు మీద గీత గీసినవాళ్లెవరూ ఆ దారిలో బస్సెక్కి ఉండరు.

*

మూడోది రాజధాని.

హైదరాబాదు ఎవరిదన్న గొడవలో మూడేళ్లు టీవీలు చూశాం. ఆ తర్వాత కొత్త రాజధాని. 29 గ్రామాలు, ముప్పై వేల ఎకరాలకు పైగా భూసమీకరణ. ఆ గ్రామాల్లో ఎక్కువ భాగం తాడికొండ నియోజకవర్గంలోవి. తాడికొండ ఎస్సీ రిజర్వుడు సీటు. ఎమ్మెల్యే సీటు మనది, రాజధాని ప్రణాళిక ఎవరిదో లెక్కలు చూస్తే తెలుస్తుంది.

భూమి ఇచ్చిన పట్టా రైతుకు ఎకరాకు ఏడాదికి మెట్టకైతే 30 వేలు, జరీబుకైతే 50 వేలు కౌలు. అది ఏటా పెరుగుతుంది. అభివృద్ధి చేసిన ప్లాటు అదనం. భూమిలేని కూలీ కుటుంబానికి మొదట పెట్టింది నెలకు 2,500 రూపాయల పింఛను. పన్నెండుతో గుణించండి. 30 వేలు. అంటే ప్రణాళికలో ఒక కూలీ కుటుంబం మొత్తం ఒక ఎకరం మెట్టతో సమానం. ఆ మెట్ట కౌలు ఏటా పెరుగుతుంది, కూలీ పింఛను ఏళ్ల తరబడి 2,500 దగ్గరే ఉండేది. ప్లాటు అసలే లేదు. ఆ కూలీ కుటుంబాల్లో ఎక్కువమంది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఇక అసైన్డు భూములు, లంక భూములు. ప్రభుత్వమే మన తాతలకు ఇచ్చిన భూమి. 1977 చట్టం దాన్ని అమ్మకూడదంది, అది మన రక్షణ కోసమే. కానీ సమీకరణ దగ్గరికొచ్చేసరికి పట్టా రైతుకొచ్చినంత ప్లాటు అసైన్డు రైతుకు రాలేదు. ప్రభుత్వం ఊరికే లాక్కుంటుందన్న పుకారుకు భయపడి చవగ్గా వదిలించుకున్నవాళ్లు ఉన్నారు. తర్వాతి ప్రభుత్వాలు మార్చాయి, సవరించాయి, అది వేరే కథ. మొదటి ప్రణాళికలోనే తేడా పెట్టారన్నది మర్చిపోవద్దు.

తెలంగాణ వైపు మాత్రం? తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్నారు. కాలేదు. ఉప ముఖ్యమంత్రిగా చేసిన రాజయ్య గారిని ఏడాది తిరక్కుండా 2015 జనవరిలో తీసేశారు. భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలన్నారు. ఎన్ని పేటలకు చేరిందో మీ ఊళ్లో మీరే లెక్కపెట్టుకోండి. 1960లోనే దామోదరం సంజీవయ్యను ముఖ్యమంత్రిగా చూసిన తెలుగు నేల, రెండు ముక్కలై రెండు ముఖ్యమంత్రి కుర్చీలు వచ్చాక ఒక్కదాంట్లోనూ మనల్ని కూర్చోబెట్టలేదు.

*

నాలుగోది బాకీ.

అప్పులు పంచుకున్నారని చెప్పాను కదా. బ్యాంకుల అప్పు, కేంద్రం అప్పు అన్నీ రాశారు. ప్రభుత్వం మనకు పడ్డ బాకీ రాయలేదు. ఉప ప్రణాళిక నిధులు ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా పోయాయనీ, వేరే పనులకు మళ్లించారనీ పోరాడితేనే కదా 2013 జనవరిలో సబ్‌ప్లాన్ చట్టం అమల్లోకి వచ్చింది. దేశంలోనే మొదటిసారి అన్నారు. ఏడాదిన్నర తిరక్కముందే రాష్ట్రం రెండైంది. అప్పటిదాకా మనకు రావాల్సి ఉండి రానిది ఎంత, అది ఏ రాష్ట్రం ఎంత తీర్చాలి? మా తాత పాత జీతం లాగే అయింది. తెలంగాణ 2017లో ఆ చట్టం స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుంది. పాత బాకీ మాట రెండు వైపులా ఎవరూ ఎత్తరు.

డబ్బు బాకీ ఒక్కటే కాదు. చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎప్పుడు? 2014 ఏప్రిల్ 22న. రాష్ట్రం రెండు కావడానికి నలభై రోజుల ముందు. ఆ నెలంతా పేపర్ల నిండా ఎన్నికలు, ఉద్యోగుల పంపకాలు, హైదరాబాదు. ఒక సమైక్య రాష్ట్రం పోతూ పోతూ మనకు ఇచ్చిన ఆఖరి తీర్పు అది. ఏ షెడ్యూల్లోనూ దాన్ని ఎక్కించలేదు.

*

"మరి అంబేడ్కర్ చిన్న రాష్ట్రాలు కావాలన్నాడు కదా" అని అడిగేవాళ్లుంటారు. అవును, అన్నారు. 1955లో భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో ఉత్తరప్రదేశ్‌ను మూడు చేయమన్నారు, బీహార్‌ను రెండు, మధ్యప్రదేశ్‌ను రెండు చేయమన్నారు. హైదరాబాదును దేశానికి రెండో రాజధానిని చేయమని కూడా అందులోనే అన్నారు. విభజన వేళ ఆయన బొమ్మ పెట్టి ఆ మాటలు చాలామంది వాడుకున్నారు.

వాడుకోని మాటలు ఇంకొన్ని అదే పుస్తకంలో ఉన్నాయి. ఆంధ్రలో భూమి, ఉద్యోగం, వ్యాపారం రెండు మూడు కులాల చేతుల్లో ఉన్నాయనీ, అంటరానివాళ్లు వాళ్ల మీద ఆధారపడి బతుకుతున్నారనీ ఆ కులాల పేర్లు పెట్టి మరీ రాశారు. చిన్న రాష్ట్రం చేసినంత మాత్రాన చాలదు, అందులో చిన్న సమూహాలకు రక్షణ కావాలన్నారు. అందుకోసం ఇద్దరు ముగ్గురు సభ్యులుండే నియోజకవర్గాలు, ఓట్లన్నీ ఒకరికే వేసుకునే వీలు ఉండాలని సూచించారు. గీత ఎక్కడ గీయాలన్నది ఆయనకు సగం ప్రశ్న. గీత లోపల బలంలేని వాడి పరిస్థితి ఏమిటన్నది మిగతా సగం. మనవాళ్లు మొదటి సగం చదివి పుస్తకం మూసేశారు.

*

కాబట్టి ఇకపై ఎవరు ఏ గీత గీసినా, అది రాష్ట్రమైనా జిల్లా అయినా నియోజకవర్గమైనా, మనం ముందే అడగాల్సినవి ఇవి.

ఒకటి. బిల్లుతోపాటు కులాలవారీ లెక్క బయటపెట్టాలి. ఏ పక్క ఎవరు ఎంతమంది, ఎవరికి ఎంత భూమి, అసైన్డు ఎంత. 2027 జనగణనలో కులం రాస్తున్నారు కాబట్టి లెక్క లేదన్న సాకు ఇక చెల్లదు.

రెండు. విడిపోయిన రాష్ట్రాల మధ్య కుల ధ్రువీకరణ పత్రం చెల్లాలి. కనీసం ఉమ్మడి రాష్ట్రంలో పుట్టినవాళ్లకు, సరిహద్దు దాటి పెళ్లయిన ఆడవాళ్లకు. దీనికి పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. రెండు రాష్ట్రాల ఎస్సీ ఎమ్మెల్యేలు కలిపి 48 మంది, ఎస్సీ ఎంపీలు ఏడుగురు. అందరూ కలిసి ఒక్క వినతిపత్రం మీద సంతకం పెట్టలేరా?

మూడు. షెడ్యూల్డు ప్రాంతంలో ఏ ఊరినైనా మార్చాలంటే గ్రామసభ తీర్మానం ఉండాలి. ఊరు మారితే ఆ ఊరి ఓటు కూడా వెంటనే మారాలి.

నాలుగు. ఉప ప్రణాళిక బాకీని కూడా అప్పుల పట్టికలో రాయాలి.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. కరెంటుకు, నీళ్లకు, బొగ్గుకు చేసిన పనే మనుషులకూ చేయమంటున్నాం.

సరిహద్దు మండలాల్లో ఇలా సర్టిఫికెట్ ఇబ్బంది పడ్డ అక్కాచెల్లెళ్లు ఎవరైనా ఉంటే పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, ఏ సంవత్సరం, ఏ దరఖాస్తు దగ్గర ఆగిందో రాసి నాకు పంపండి. పేర్లు బయటపెట్టను. ఒక యాభై మందివి పోగైతే వినతిపత్రం నేనే రాస్తాను, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. మీ ఎమ్మెల్యే దగ్గరికి మీరు పట్టుకెళ్లండి.

వచ్చే భాగంలో పదో షెడ్యూలు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం రెండూ అందులోనే ఉన్నాయి. కూలికి పోతూ డిగ్రీ చదివిన మన పిల్లలకు ఆ పంచాయితీ ఏం చేసిందో చూద్దాం.

జై భీమ్.